సంకీర్ణ ప్రభుత్వాలు - ముందస్తు ఎన్నికలు: ఒక పరిశీలన

శాసనసభలో తనవైపు నిలిచే సభ్యుల సంఖ్యయే ప్రజాస్వామ్యంలో ప్రభుత్వానికి ప్రాణాధారం. ఆ సంఖ్య ఒకే పక్షానికి లభించినప్పుడు పరిపాలన చాలవరకు దాని ఇష్టానుసారం సాగుతుంది. లభించనప్పుడు రెండు మూడు పక్షాలు చేతులు కలిపి ప్రభుత్వాన్ని ఏర్పరచవలసి వస్తుంది. అటువంటి ప్రభుత్వం ఏర్పడిన నాటి నుండి రెండు ప్రశ్నలు దానిని నీడవలె వెన్నంటి ఉంటాయి. ఇచ్చిన మాట ప్రకారం పనులు చేస్తున్నదా అన్నది మొదటిది. గడువు తీరేవరకు నిలుస్తుందా, లేక మళ్లీ ఎన్నికలు వస్తాయా అన్నది రెండవది. పత్తర్‌గట్టీ, శాలిబండ చాయ్ హోటళ్లలోను, కళాశాలల వక్తృత్వ పోటీలలోను రెండవ ప్రశ్నకే ఎక్కువ వేడి పుడుతుంది. నిజానికి మొదటి ప్రశ్నకు సమాధానం తెలియనిదే రెండవ దానిపై తీర్పు చెప్పడం సాధ్యం కాదు. తెలుగువారి రాజకీయ చరిత్ర నుండి కొన్ని ఉదాహరణలతో ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలలోనే ఉన్న భేదం

‘సంకీర్ణము’ అనగా కలగలసినది అని అర్థం. తాళశాస్త్రంలో చతురశ్రానికి నాలుగు అక్షరాలు, ఖండానికి ఐదు. ఈ రెండూ కలిసిన తొమ్మిదక్షరాల జాతికి సంకీర్ణమని పేరు. నాలుగు నాలుగుగానే, ఐదు ఐదుగానే ఉంటూ ఒకే తాళంలో నడవడం దీనిలోని విశేషం. సంకీర్ణ ప్రభుత్వానికి ఇంతకంటె తగిన పోలిక దొరకదు. ఉర్దూ పత్రికలు వాడే ‘మఖ్లూత్ హుకూమత్’ అనే మాటకు కూడా కలగలసిన ప్రభుత్వమనే అర్థం.

ఎన్నికల విషయంలోనూ మనకు రెండు మాటలున్నాయి: మధ్యంతర ఎన్నికలు, ముందస్తు ఎన్నికలు. ఉర్దూలో మొదటి దానిని ‘వస్త్ ముద్దతీ ఇంతిఖాబాత్’ అనీ, రెండవ దానిని ‘ఖబ్ల్ అజ్ వఖ్త్ ఇంతిఖాబాత్’ అనీ అంటారు. వాడుకలో ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలుగా చెలామణి అవుతున్నా, వీటిని వేరుచేసి చూడడం మేలు. ప్రభుత్వం కూలి, మరొకటి ఏర్పడే దారి లేనప్పుడు తప్పనిసరిగా వచ్చేవి మధ్యంతర ఎన్నికలు. అధికారంలో ఉన్నవారు తమంతట తాము సభను రద్దు చేయించి తెచ్చుకొనేవి ముందస్తు ఎన్నికలు. మొదటిది పరిస్థితుల ఒత్తిడి, రెండవది నాయకుని నిర్ణయం. కావున రెంటికీ ఒకే కొలబద్ద పనికిరాదు.

రాజ్యాంగం చెప్పినదేమిటి?

రాజ్యాంగంలోని 172వ అధికరణం ప్రకారం శాసనసభ కాలపరిమితి ఐదేళ్లు, అయితే అంతకుముందే రద్దు కాని పక్షంలో. ఈ షరతును మనం తరచు మరచిపోతాము. ఐదేళ్ల పాలన రాజ్యాంగం ఎవరికీ రాసిచ్చిన హామీ కాదు. సాధారణ పరిస్థితులలో దాటరాని హద్దు మాత్రమే. 164వ అధికరణం ప్రకారం మంత్రివర్గం సమష్టిగా శాసనసభకు బాధ్యత వహించాలి. 174వ అధికరణం కింద గవర్నరు సభను రద్దు చేయవచ్చు. మెజారిటీ ఉందో లేదో తేలవలసిన చోటు సభామందిరమేనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సంకీర్ణాల నడకను మార్చిన సవరణలు మరి రెండు ఉన్నాయి. 1985లో వచ్చిన 52వ సవరణ పార్టీ ఫిరాయింపులపై నిషేధం విధించింది. ఐతే ఒక పక్షంలో మూడవ వంతు సభ్యులు చీలిపోతే వారికి మినహాయింపు ఉండేది. 2003లో వచ్చిన 91వ సవరణ ఆ మినహాయింపును తొలగించింది. అంతేగాక, మంత్రుల సంఖ్య సభ్యుల సంఖ్యలో 15 శాతాన్ని మించరాదని నియమం పెట్టింది. మిత్రులందరికీ మంత్రి పదవులు పంచి కాపురం నెట్టుకొచ్చే అవకాశం నాటితో తగ్గిపోయింది.

ప్రకాశం మంత్రివర్గం: పదమూడు నెలల పాఠం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నాటి సభలో కాంగ్రెసుకు సొంత మెజారిటీ లేదు. కమ్యూనిస్టులు బలమైన ప్రతిపక్షం. ఈ స్థితిలో ప్రజా సోషలిస్టు పార్టీని విడిచి వచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా, కాంగ్రెసు నాయకుడు నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా మంత్రివర్గం ఏర్పడింది. పెద్ద పక్షం తన బలాన్ని ఇచ్చి ముఖ్యమంత్రి పదవిని బయటినుండి వచ్చిన వృద్ధనాయకునికి అప్పగించడం ఈ కూర్పులోని విశేషం.

ఆ ప్రభుత్వం కూలినది మద్యనిషేధం విషయంలో. నిషేధం అమలుపై నియమితమైన రామమూర్తి కమిటీ దానిని ఎత్తివేయవలసిందిగా సిఫారసు చేసింది. ప్రభుత్వం అందుకు అంగీకరించలేదు. కల్లుగీత వృత్తిపై ఆధారపడిన కుటుంబాల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి.

ఈ ఎన్నికల ఫలితం ప్రభుత్వాలను కూల్చేవారికి ఎన్నటికీ గుర్తుండవలసినది. 196 స్థానాలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీల ఐక్య సంఘటనకు 146 వచ్చాయి. కమ్యూనిస్టులు దాదాపు 31 శాతం ఓట్లు పొంది కూడా 15 స్థానాలకే పరిమితమయ్యారు. ప్రభుత్వాన్ని కూల్చడానికి ఒక్క ఓటు చాలింది. తరువాత సభను నింపడానికి మూడవ వంతుకు దగ్గరగా వచ్చిన ఓట్లు కూడా చాలలేదు.

మరి ఈ ప్రభుత్వం విఫలమైనదా? కాలాన్ని బట్టి చూస్తే అవుననాలి. పనిని బట్టి చూస్తే అలా అనలేము. 1954లో గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అదే ఏడాది విజయవాడ వద్ద కృష్ణానదిపై కొత్త బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది. నేడు దానిని మనం ప్రకాశం బ్యారేజీ అంటున్నాము. పదమూడు నెలల సంకీర్ణం పునాది వేసిన పనులు ఏడు దశాబ్దాలు నిలిచాయి.

ఈ ఎన్నికలకు మరొక చిత్రమైన పర్యవసానం కూడా ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత, 1957 సాధారణ ఎన్నికలలో శాసనసభకు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే పోలింగు జరిగింది. 1955లో ఎన్నికైన ఆంధ్ర ప్రాంత సభ్యులు 1962 వరకు కొనసాగారు. ఒకచోట ఒకసారి వేళ తప్పిన ఎన్నికలు ఒకే రాష్ట్రంలోని రెండు ప్రాంతాల క్యాలెండర్లను ఏడేళ్లపాటు వేరుచేశాయి.

ఢిల్లీలో తెలుగువారి పాత్ర

ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రిగా సంకీర్ణపు కష్టసుఖాలు చూసిన సంజీవరెడ్డి గారే 1979లో రాష్ట్రపతి హోదాలో అటువంటి ఘట్టాన్నే మరల ఎదుర్కొన్నారు. జనతా పార్టీ చీలి మొరార్జీ దేశాయి రాజీనామా చేశారు. తరువాత ప్రధాని అయిన చరణ్‌సింగ్ లోక్‌సభలో విశ్వాసం పొందకుండానే రాజీనామా చేసి సభ రద్దుకు సలహా ఇచ్చారు. రాష్ట్రపతి ఆ సలహాను ఆమోదించారు. 1980 జనవరిలో ఎన్నికలు జరిగాయి.

ఇరవై ఏళ్ల తరువాత, 1999 ఏప్రిల్ 17న, వాజ్‌పేయి ప్రభుత్వం 269-270 ఓట్లతో, అనగా ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయింది. కారణం, అన్నా డి.ఎం.కె. మద్దతు ఉపసంహరణ. నాడు స్పీకరు స్థానంలో ఉన్నది అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి. ఒరిస్సా ముఖ్యమంత్రి అయిన తరువాత కూడా లోక్‌సభ సభ్యత్వాన్ని వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చునా అన్న వివాదం రాగా, స్పీకరు దానిని ఆ సభ్యుని విచక్షణకే వదిలిపెట్టారు. శరదృతువులో జరిగిన మధ్యంతర ఎన్నికలలో వాజ్‌పేయి కూటమి తిరిగి గెలిచింది. 1955లోను, 1999లోను ఓటరు కూలిపోయినవారిపైన కంటె కూల్చినవారిపైననే ఎక్కువ అప్రసన్నత చూపినట్లు కనిపిస్తుంది.

అట్లని పూర్తికాలం నిలవడమే గొప్ప అనుకోరాదు. 1991లో సొంత మెజారిటీ లేకుండానే ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఐదేళ్లూ పాలించారు. ఆర్థిక సంస్కరణలకు ఆ కాలం తోడ్పడింది. ఐతే 1993 జూలైలో 265-251 ఓట్లతో ఆ ప్రభుత్వం అవిశ్వాసం నుండి గట్టెక్కిన తీరు లంచాల కేసుగా మారింది. పి.వి. 2002లో ఢిల్లీ హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. లంచం తీసుకొని సభలో ఓటు వేసిన సభ్యునికి విచారణ నుండి రక్షణ ఉన్నదన్న 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పును 2024లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. ప్రభుత్వం ఎంతకాలం నిలిచిందన్న ప్రశ్నతోపాటు ఏ విధంగా నిలిచిందన్న ప్రశ్న కూడా అడగాలి.

2004: ఒకే సంకీర్ణం, రెండు లెక్కలు

2004 మే నెలలో కేంద్రంలోను, రాష్ట్రంలోను కాంగ్రెసు, తెలంగాణ రాష్ట్ర సమితి కలిసి అధికారంలోకి వచ్చాయి. కేంద్రంలో కూటమి పక్షాలు ఉమ్మడి కనీస కార్యక్రమాన్ని లిఖితపూర్వకంగా ప్రకటించుకున్నాయి. సమాచార హక్కు చట్టం, గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చాయి. ఉపాధి పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ముస్లిముల స్థితిగతులపై సచార్ కమిటీ 2005లో ఏర్పడి 2006లో నివేదిక ఇచ్చింది. ఇవి ఆ సంకీర్ణం జమ పద్దులు.

ఖర్చు పద్దు కూడా ఉంది. ఆ కార్యక్రమంలో తెలంగాణ ప్రస్తావన ఉన్నది గాని, తగిన సమయంలో, సంప్రదింపులు, ఏకాభిప్రాయం తరువాత అనే షరతులతో ఉన్నది. తేదీ లేదు. తేదీ లేని వాగ్దానం ఇద్దరు మిత్రులకు రెండు అర్థాలనిచ్చింది. 2005 జూలైలో సమితి మంత్రులు రాష్ట్ర మంత్రివర్గం నుండి, 2006లో కె. చంద్రశేఖరరావు కేంద్ర మంత్రివర్గం నుండి వైదొలగారు. కరీంనగర్ లోక్‌సభ స్థానానికి రాజీనామా చేసి, 2006 డిసెంబరు ఉపఎన్నికలో ఆయన రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ ఉత్సాహంతో 2008లో సమితి సభ్యులు మూకుమ్మడిగా రాజీనామాలు చేయగా, తిరిగి గెలిచినది 16 శాసనసభ స్థానాలలో 7, నాలుగు లోక్‌సభ స్థానాలలో 2 మాత్రమే. ప్రత్యేక రాష్ట్రం కోరిక తగ్గి ఈ ఫలితం వచ్చిందని అనలేము. 2014 జూన్ 2న ఆ రాష్ట్రం ఏర్పడనే ఏర్పడింది. అదే ఆయుధాన్ని మళ్లీ మళ్లీ ప్రయోగించడాన్ని ఓటరు హర్షించలేదనుకోవచ్చు.

ఇదే కాలంలో మన విద్యార్థులకు మిక్కిలి సన్నిహితమైన మరొక విషయం నడిచింది. ముస్లిములకు 5 శాతం రిజర్వేషన్లు కల్పిస్తూ 2004 జూలైలో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో చట్టం చేసింది. ఆ ఏడాది నవంబరులో అదీ నిలువలేదు. 2007లో, సాంఘికంగా, విద్యావిషయకంగా వెనుకబడిన ముస్లిము వర్గాలను గుర్తించి బి.సి.-ఇ కింద 4 శాతం కల్పిస్తూ మూడవసారి చట్టం చేసింది. 2010లో హైకోర్టు దానిని కూడా కొట్టివేసినా, ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వలన అమలు కొనసాగింది. ప్రవేశ దరఖాస్తులో ‘బి.సి.-ఇ’ అని నింపే విద్యార్థి వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఇందులో గమనించవలసినది కాలం. ఒక వాగ్దానం చట్టంగా నిలదొక్కుకొనడానికి మూడేళ్లు, మూడు ప్రయత్నాలు పట్టాయి. 2005లో మిత్రపక్షం వైదొలగినప్పుడు, 294 మంది సభ్యుల సభలో కాంగ్రెసుకే 185 స్థానాలుండడం వలన ప్రభుత్వం పడలేదు. పడి, ఎన్నికలు వచ్చి ఉంటే ఆ దస్త్రం మూడవసారి తెరుచుకొనేదో లేదో ఎవరు చెప్పగలరు? ప్రత్యేక రాష్ట్రం కోరినవారికి అవే ఐదేళ్లు కాలహరణంగా తోచాయి. ఒకే సంకీర్ణం ఆయుష్షు ఒకరికి వరమూ, మరొకరికి నిరీక్షణా అయింది.

కోరి తెచ్చుకున్న ఎన్నికలు

ఇప్పుడు ముందస్తు ఎన్నికల సంగతి. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ప్రజాందోళన ఫలితంగా సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తరువాత ఆయన సభను రద్దు చేయించి 1985 మార్చిలో ప్రజల ముందుకు వెళ్లారు. తెలుగుదేశానికి రెండువందలకు పైగా స్థానాలు వచ్చాయి.

2003 అక్టోబరు 1న అలిపిరిలో జరిగిన దాడి నుండి ప్రాణాలతో బయటపడిన చంద్రబాబు నాయుడు నవంబరులో సభను రద్దు చేయించారు. ఎన్నికలు ఆయన ఆశించినంత త్వరగా రాలేదు. 2004 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికలతోపాటు వచ్చాయి. దాదాపు ఆరు నెలలు ఆపద్ధర్మ ప్రభుత్వంగా గడిచాయి. సానుభూతిని గ్రామాలలోని కరవు మింగివేసింది. తెలుగుదేశానికి 47 స్థానాలు దక్కాయి.

2018 సెప్టెంబరు 6న చంద్రశేఖరరావు గడువుకు దాదాపు తొమ్మిది నెలల ముందే తెలంగాణ సభను రద్దు చేయించారు. డిసెంబరు 7న పోలింగు జరిగింది. 119లో 88 స్థానాలతో ఆయన పక్షం తిరిగి వచ్చింది. సకాలంలో జరిగిన 2023 ఎన్నికలలో అదే పక్షం 39 స్థానాలకు దిగింది. కావున ముందస్తుకు వెళితే గెలుపనీ, ఓటమియనీ సూత్రం కట్టడం కుదరదు. 1985లో ఓటరుకు రద్దుకు కారణం కళ్లకు కట్టినట్లుండెను. తక్కిన రెండుసార్లు ఆయన పాలన ఎట్లున్నదనే ప్రశ్ననే వేసుకున్నాడు.

ఉభయ వాదాలు

ఎన్నికలు త్వరగా రావాలనేవారి వాదంలో బలం లేకపోలేదు. మిత్రులు విడిపోయిన తరువాత, ఓటరు చూడని కొత్త జోడింపులతో పాలించడం కంటె మళ్లీ ప్రజల అనుమతి కోరడం న్యాయం. బేరసారాలకు అది మంచి విరుగుడు. మరొక వాదమూ అంతే బలమైనది. ఎన్నికలకు ధనవ్యయం ఉన్నది. ప్రవర్తనా నియమావళి రాగానే కొత్త పథకాలు ఆగిపోతాయి. సగంలో ఉన్న చట్టాలు, నివేదికలు అటకెక్కుతాయి. ఆ జాప్యాన్ని ధనికుడు భరించగలడు. విద్యార్థి వేతనం కోసం, ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూసే పేదవాడు భరించలేడు.

చిన్న పక్షాల దృష్టితో మరొక మాట చెప్పుకోవాలి. చిన్న పక్షం బలం తన సంఖ్యలో కంటె పెద్ద పక్షపు కొరతలో ఉంటుంది. 2009 హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఎన్నికలలో 150 డివిజన్లకు గాను కాంగ్రెసుకు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43 వచ్చాయి. ఎవరికీ మెజారిటీ లేదు. ఒప్పందం ప్రకారం మేయరు పదవి మొదట కాంగ్రెసుకు, 2012 జనవరిలో మజ్లిస్‌కు దక్కింది. అదే 2012 నవంబరులో ఏడుగురు శాసనసభ్యులున్న మజ్లిస్ రాష్ట్ర ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించినా ప్రభుత్వం కూలలేదు. 2013 మార్చిలో వచ్చిన అవిశ్వాస తీర్మానం కూడా తెలుగుదేశం తటస్థంగా ఉండడంతో వీగిపోయింది. నగరంలో పదవి తెచ్చిన మద్దతు, శాసనసభలో హెచ్చరికగా మిగిలింది.

ఇతర దేశాలు ఈ చిక్కుకు విరుగుడు వెదకకపోలేదు. జర్మనీ రాజ్యాంగం ప్రకారం, తరువాతి ఛాన్సలరును అదే ఓటుతో ఎన్నుకొంటే తప్ప ఉన్న ఛాన్సలరును సభ అవిశ్వాసంతో దించలేదు. కూల్చేవాడు కట్టేవాడు కూడా కావాలన్నది అక్కడి నియమం. మన దేశంలో 2024 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లు మరొక మార్గాన్ని ప్రతిపాదించింది. సభ మధ్యలో రద్దయితే కొత్తగా ఎన్నికయ్యే సభ మిగిలిన కాలానికే కొనసాగాలన్నది ఆ ప్రతిపాదన. దీనివలన లాభాపేక్షతో కోరుకొనే ముందస్తు ఎన్నికల ఆకర్షణ తగ్గవచ్చు. ఏడాదికో, రెండేళ్లకో సభను ఎన్నుకోమని ఓటరును అడగడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. దీనిపై మన విద్యార్థులు రెండు పక్షాలుగా నిలిచి వాదించదగినంత సామగ్రి ఉన్నది.

విద్యార్థులకు ఒక మాట

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమి అధికారం స్వీకరించింది. కేంద్రంలోనూ ఏ ఒక్క పక్షానికీ సొంత మెజారిటీ రాలేదు. సంకీర్ణాలు గతించిన అధ్యాయం కావని దీనివలన విదితమవుతున్నది. అటువంటి ప్రభుత్వాన్ని అంచనా వేసేటప్పుడు మూడు ప్రశ్నలు దగ్గర ఉంచుకోవాలి. మిత్రుల మధ్య ఒప్పందం లిఖితమై, తేదీలతో సహా ప్రజలకు తెలిసినదా? ఆ ఒప్పందంలోని ఏ అంశం చట్టంగానో, భవనంగానో, ఉద్యోగంగానో మన కంటికి కనిపించింది? ఇప్పుడు ఎన్నికలు వస్తే సగంలో ఆగిపోయే పని ఏది, అది ఎవరిది?

మూడవ ప్రశ్నకు సమాధానం పత్రికల పతాక శీర్షికలలో దొరకదు. శాసనసభ చర్చలను, ప్రభుత్వ ఉత్తర్వులను, కోర్టు తీర్పులను ఓపికతో చదివేవారికే దొరుకుతుంది. మన గ్రంథాలయంలో వార్తాపత్రికలు ఉర్దూలోను, తెలుగులోను పక్కపక్కనే ఉంటాయి. ఒకే వార్తను రెండు భాషలలో చదివే భాగ్యం ఈ నగరంలో పుట్టిన మనకున్నది. ఆ అలవాటు చేసుకొన్న విద్యార్థి పద్దెనిమిదేళ్లు నిండి తొలిసారి పోలింగు కేంద్రంలో అడుగుపెట్టేనాడు, ఎన్నికలు ముందు వచ్చాయా, వేళకు వచ్చాయా అన్న తర్కాన్ని దాటి, తన దస్త్రం ఎక్కడ ఆగిందో తెలిసినవాడై ఓటు వేయగలడని ఆశిస్తున్నాను.